1930 జనవరి 26న ఎగిరిన జెండా ఏది?

ప్రశ్న: మా హైస్కూలు పిల్లలతో 1930 జనవరి 26 నాటి పూర్ణ స్వరాజ్య దినాన్ని నాటికగా వేయిస్తున్నాం. జెండా ఎలా ఉండాలి? ఉపన్యాసం ఎవరితో చెప్పించాలి?
- ఒక పాఠకురాలు

జవాబు: ఉపన్యాసం పెట్టకండి. ఆనాటి సభల గొప్పదనమే అది. జనం కూడారు, సంపూర్ణ స్వాతంత్ర్యం కోరే కాంగ్రెస్ ప్రతిజ్ఞ విన్నారు, ఒప్పుకున్నారు, అంతే. తేదీని జనవరి 2న కాంగ్రెస్ కార్యవర్గం ఖాయం చేసింది. జనవరి 26 నెలాఖరు ఆదివారం, సర్కారు ఇచ్చిన పండుగ సెలవేమీ కాదు.

ఎక్కువమంది పొరబడేది జెండా దగ్గరే. కాషాయం, తెలుపు, ఆకుపచ్చ వరస 1931 ఆగస్టులో వచ్చింది. 1930లో వాడింది పైన తెలుపు, నడుమ ఆకుపచ్చ, కింద ఎరుపు. మూడు పట్టీల మీదా పరుచుకున్న పెద్ద రాట్నం. 1921లో బెజవాడలో పింగళి వెంకయ్య గారు గాంధీజీకి చూపిన నమూనా నుంచి రూపుదిద్దుకున్నదిది. బజారులో దొరికే అశోకచక్రం జెండా అసలే పనికిరాదు, అది 1947 నాటిది. తెల్లటి ఖద్దరు మీద రెండు పట్టీలు కుట్టి, రాట్నం రంగుతో వేయించండి.

ప్రతిజ్ఞలోని ఒక్క లెక్క మాత్రం తప్పక చదివించండి: మన సగటు ఆదాయం రోజుకు ఏడు పైసలు. అప్పట్లో అణాకు నాలుగు పైసలు. అంటే రెండణాలకు ఒక పైసా తక్కువ! పిల్లలకు ఇది విడమరిచి చెబితేనే ఆ ప్రతిజ్ఞలో ఉప్పు పన్ను మాట ఎందుకొచ్చిందో తెలుస్తుంది.