అరచేతి కంప్యూటర్‌లో వెబ్ పేజీలు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: నా దగ్గర ఇప్పటికీ చక్కగా పనిచేస్తున్న పామ్ త్రీ అనే పాత అరచేతి కంప్యూటర్ ఉంది. నేను రాసిన వ్యాసాల వెబ్ పేజీలను నెట్ లేకుండా అందులో చదువుకోవాలని, వెబ్ పేజీలను సేకరించి పామ్ కోసం ఒకే ఫైలుగా మార్చే ప్లకర్ ప్రోగ్రాంలో లింకుల లోతు మూడుగా పెట్టి ఫైలు తయారు చేశాను. వ్యాసాలు ఇరవైకి మించి లేవు, అయినా ఫైలు పరికరంలో పట్టనంత పెద్దదైంది. పొరపాటు ఎక్కడుంది? అప్పట్లో ఈ పేజీలను ఎలా తయారు చేసేవారు?

జవాబు: పొరపాటు మీ వ్యాసాల్లో లేదు, వాటి చుట్టూ అల్లుకున్న లింకుల్లో ఉంది. ప్లకర్ లెక్కలో లోతు ఒకటి అంటే మొదటి పేజీ మాత్రమే, రెండు అంటే దానిలోని లింకులు చూపే పేజీలు కూడా, మూడు అంటే ఆ పేజీల్లోని లింకులు చూపేవి కూడా. మొదటి పేజీలో ఇరవై లింకులు, ఒక్కో వ్యాసంలో ఇరవై వేర్వేరు లింకులు ఉన్నాయనుకుంటే మొత్తం 421 పేజీలవుతాయి. కుదించిన తర్వాత ఒక్కో పేజీ 5 కిలోబైట్లే అనుకున్నా 2 మెగాబైట్లు దాటిపోతుంది. 1998లో వచ్చిన పామ్ త్రీకి ఉన్న జ్ఞాపకస్థలం మొత్తం 2 మెగాబైట్లే, చిరునామాలూ తేదీలూ కూడా అందులోనే ఇమడాలి.

అందుచేత లోతును రెండుకు తగ్గించండి, ప్లకర్‌ను మరో సైటుకు వెళ్లనివ్వని ‘స్టే ఆన్ హోస్ట్’ షరతును కూడా పెట్టండి. అయితే ఇది సగం పని మాత్రమే. మామూలు సైటును యథాతథంగా పరికరంలోకి దించడం కన్నా, దానికోసం విడిగా ఒక ప్రతిని తయారు చేయడమే సరైన పద్ధతి అని మా అభిప్రాయం. వెబ్ పేజీలను అరచేతి కంప్యూటర్లకు చేరవేసే అవాంట్‌గో సేవ 1997లో మొదలైనప్పటి నుంచీ దానికోసం శ్రద్ధగా ‘ఛానెళ్లు’ (పేజీల సంపుటాలు) తయారు చేసినవారు చేసింది ఇదే. పాఠకుడు పరికరాన్ని కంప్యూటర్‌కు కలిపే క్రేడిల్‌లో పెట్టి, రెండింటి మధ్య సమాచారాన్ని సరిచూసే (సింక్ చేసే) హాట్‌సింక్ మీట నొక్కినప్పుడే పేజీలు అందులోకి చేరేవి. ఆ తర్వాత మళ్లీ సింక్ చేసేదాకా అతని చేతిలో ఉన్నది తలుపులన్నీ మూసిన ఇల్లు లాంటిది కాబట్టి, ప్రతి లింకూ ఆ ఇంట్లోని ఏదో ఒక గదికే దారితీయాలి. బయటికి పోయే లింకును నొక్కితే ప్లకర్ ఆ పేజీ చిరునామాను చూపి, దాన్ని మెమోలో రాసుకునే వీలు మాత్రం కల్పిస్తుంది. చదువుతున్నవారికి అంతకు మించి ఏమీ దొరకదు.

విషయసూచికను మొదటి పేజీగా పెట్టండి. ప్రతి వ్యాసం చివర ‘తర్వాతి వ్యాసం’, ‘విషయసూచిక’ అనే రెండు లింకులు చాలు, పక్క మెనూలను పూర్తిగా తీసేయండి. తెరపై పట్టుమని పన్నెండు వరుసలు కూడా పట్టవు కాబట్టి, పేజీ పైన పెద్ద బొమ్మో లింకుల వరుసో ఉంటే అసలు విషయం మొదలయ్యేలోపే పాఠకుడు రెండు మూడు సార్లు కిందికి జరపాల్సి వస్తుంది.

బొమ్మల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. తెర వెడల్పు 160 చుక్కలు, ఎత్తు 160 చుక్కలు. చుక్కకు ఒక బిట్ చొప్పున తెర నిండా ఒక బొమ్మ పెడితే కుదించకముందు 3,200 బైట్లు, పామ్ త్రీ చూపగల నాలుగు బూడిద ఛాయల్లో అయితే 6,400 బైట్లు అవుతుంది. గీతల పటాలకు ఒక బిట్ సరిపోతుంది. ఛాయాచిత్రం తప్పనిసరైతే ముందుగా మీరే దాన్ని 150 చుక్కల వెడల్పుకు తగ్గించి, అందులోని అక్షరాలు ఇంకా చదవగలిగేలా ఉన్నాయో లేదో కళ్లారా చూసుకోండి.

ప్రశ్న: అవాంట్‌గో కోసం చేసిన పాత పేజీల్లో ‘హ్యాండ్‌హెల్డ్ ఫ్రెండ్లీ’ అనే మెటా ట్యాగ్ (పేజీ కోడ్‌లో రాసే, తెరపై కనబడని సూచన) కనిపిస్తోంది. అది ఎందుకు? నెట్ లేనప్పుడు ఫారాలు ఎలా పనిచేసేవి?

జవాబు: ఈ పేజీ చిన్న తెర కోసమే తయారైందని ఆ ట్యాగ్ చెప్పేది. అది లేని పేజీల్లో అవాంట్‌గో పట్టికల అమరికను తొలగించి, లోపలి పాఠాన్ని వరుసగా చూపేది. అది ఉంటే పట్టికను అలాగే ఉంచేది కనుక, పట్టిక తెరలో ఇమిడేలా చూసే బాధ్యత పేజీ రాసినవారిదే అయ్యేది.

ఫారం నింపి పంపితే ఆ సమాచారం పరికరంలోనే వరుసలో వేచి ఉండి, తర్వాతి సింక్‌లో సర్వరుకు వెళ్లేది, జవాబు పేజీ కూడా అప్పుడే చేరేది. 1999లో వచ్చిన, రేడియో ద్వారా నెట్‌కు కలిసే పామ్ సెవెన్ దారి వేరు. అందులో ఫారం ఉన్న పేజీలు ముందే పరికరంలో ఉండేవి, ప్రశ్న, జవాబు మాత్రమే రేడియో ద్వారా ప్రయాణించేవి. అవాంట్‌గో సేవ 2009లో ఆగిపోయింది కాబట్టి, ఆ పాత పేజీలను ఇప్పుడు ప్లకర్‌లోకి తెచ్చుకునేటప్పుడు ఫారాలను తీసేసి, వాటి స్థానంలో మామూలు లింకుల జాబితా పెట్టుకోండి.