ఫైవ్ స్టార్లు ఇచ్చారు, మరి స్కోర్ ఎందుకు పడింది?

ఈ నెల ఉత్తరాల్లో సగానికి సగం ఒకటే గోల, ఫైవర్, అప్‌వర్క్ లాంటి ఫ్రీలాన్స్ సైట్లలో (ఇంట్లో కూర్చుని ఎక్కడి కస్టమర్లకైనా పని చేసిపెట్టే చోట్లు) టాప్ రేటెడ్ అనే ఆ పై మెట్టు బ్యాడ్జ్ ఎలా వస్తుందని. అందుకే మిగతావన్నీ వచ్చే నెలకి తోసేసి ఇవే తీసుకున్నాను. పేర్లు వేయొద్దన్నారు, వేయలేదు.

ప్రశ్న: నేను ఫైవర్‌లో లోగోలు చేస్తాను. రెండున్నరేళ్లలో 180 ఆర్డర్లు చేశాను, లోగోకి 15 డాలర్లు. రేటింగ్ 4.9. ఇప్పుడు లెవెల్ 2లో ఉన్నాను, దాని పై మెట్టే టాప్ రేటెడ్. టాప్ రేటెడ్ కావాలంటే సక్సెస్ స్కోర్ 9 ఉండాలి. నాది 8 ఉండేది, మొన్న 7కి పడింది. ఒక్క చెడ్డ రివ్యూ కూడా లేదు, మరి ఎందుకు పడినట్టు? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. (డిజైనర్, తెనాలి)

జవాబు: ముందు నిద్రపోండి. లెవెల్ 2కి కావలసిన స్కోర్ 7 కాబట్టి మీ లెవెల్ ఇంకా మీ దగ్గరే ఉంది.

మీకు కనిపించే రివ్యూ వేరు, సైట్ లెక్కేసుకునే స్కోర్ వేరు. 2024 మొదట్లో ఫైవర్ పాత పద్ధతి మార్చి ఈ సక్సెస్ స్కోర్ తెచ్చింది, 1 నుంచి 10 దాకా. ఆర్డర్ అయ్యాక కస్టమర్ అందరికీ కనిపించే రివ్యూ రాస్తాడు, అది కాక సైట్ అతన్ని విడిగా కూడా అడుగుతుంది, ఆ జవాబు మీకెప్పటికీ చూపించరు. మొహమాటం మన వైపే ఉంటుందనుకుంటాం గానీ టెక్సాస్‌లోనూ ఉంటుంది. పెళ్లి భోజనం చేసి "బ్రహ్మాండంగా ఉందండీ" అని చేతులు కడుక్కుని, ఆటో ఎక్కాక "సాంబార్లో ఉప్పే లేదు" అంటామే, అదే ఇది. మీ 4.9 పెళ్లింట్లో అన్న మాట, ఆ 7 ఆటోలో అన్న మాట.

ఇది కాక ఆ స్కోర్‌లో ఇంకా కలిసేవి ఉన్నాయి. ఆర్డర్లు ఎన్ని రద్దయ్యాయి, గొడవ లేకుండా ఎన్ని పూర్తయ్యాయి, టైముకి ఇచ్చారా, మాట సరిగ్గా నడిచిందా, పెట్టిన డబ్బుకి తగ్గ పని అనిపించిందా అని చూస్తారు, అది కూడా మీలాంటి పని చేసే మిగతా వాళ్లతో పోల్చి చూస్తారు. ఇద్దరూ ఒప్పుకుని మర్యాదగా రద్దు చేసుకున్నా అది రద్దే. డాష్‌బోర్డులో ఏ అంశం మిమ్మల్ని కిందికి లాగుతోందో ఒక మాట రాసి ఉంటుంది, చాలామంది పైన అంకె చూసి గుండె పట్టుకుంటారు గానీ ఆ కింది మాట చదవరు. మీరు చదివి ఉంటే ఈ ఉత్తరం రాసేవారు కాదేమో, ఏమనుకోకండి.

చూడకుండానే ఒకటి ఊహిస్తాను. 15 డాలర్ల లోగో కొనేవాడికి తనకేం కావాలో చాలాసార్లు తనకే తెలియదు. మీరు మూడు చేసి పంపుతారు, అతను "ఇంకోలా" అంటాడు, ఇంకో మూడు, మళ్లీ ఇంకోలా. చివరికి విసిగిపోయి ఫైవ్ స్టార్ కొట్టి వెళ్లిపోతాడు. ఆ విసుగు లోపల స్కోర్‌లో పడుతుంది.

దీనికి మందు విజయవాడ ప్రింటింగ్ ప్రెస్సుల్లో ఎప్పటినుంచో ఉంది. నేను అను ఫాంట్లతో పేజ్‌మేకర్లో శుభలేఖలు కంపోజ్ చేసిన రోజుల్లో, ప్రూఫ్ తీసి పెళ్లికూతురి తండ్రి చేత "ఓకే" రాయించి సంతకం పెట్టించుకోందే మా ఓనర్ మిషన్ ఎక్కనిచ్చేవాడు కాదు. వెయ్యి కార్డులు అచ్చయ్యాక "ముహూర్తం తప్పు పడింది" అంటే ఆ సంతకం చూపించేవాడు. మీరూ అంతే చేయండి. ఆర్డర్ రాగానే రంగులు వేసిన లోగో పంపకండి. పెన్సిల్ గీతల్లాంటి నలుపు తెలుపు స్కెచ్‌లు రెండు పంపి, ఏ దారిలో వెళ్లాలో మెసేజ్‌లో రాతపూర్వకంగా ఒప్పించుకుని అప్పుడు పని మొదలుపెట్టండి. ఆర్డర్ ముందు అడిగే ప్రశ్నల ఫారంలో "మీకు అస్సలు నచ్చని లోగో ఒకటి పంపండి" అని ఒక ప్రశ్న కలపండి, నచ్చేదేదో చెప్పలేని వాడు కూడా నచ్చనిది టక్కున చూపిస్తాడు. గడువు రెండు రోజులు పెట్టి ఉంటే నాలుగు చేయండి, మూడో రోజు ఇవ్వండి. టైము సరిపోలేదని ఖాళీ ఫైల్ పెట్టి డెలివరీ బటన్ నొక్కే అలవాటు ఉంటే ఈ రోజే మానేయండి.

ఇప్పుడు మీరు అడగని సంగతి, నా దృష్టిలో అసలు సంగతి. స్కోర్ 9 అయినా మీరు టాప్ రేటెడ్ కారు. దానికి 40 ఆర్డర్లు, 20 మంది వేర్వేరు కస్టమర్లు, 4.7 రేటింగ్, 90 శాతం రెస్పాన్స్ రేట్ (వచ్చిన మెసేజ్‌లకి జవాబిచ్చే లెక్క), వీటితో పాటు 10,000 డాలర్ల సంపాదన ఉండాలి. (ఈ అంకెలు మారుతుంటాయి, మీ పేజీలో ఇంకోసారి చూసుకోండి.) 10,000ని 15తో భాగించండి. సైట్ కోసుకునే 20 శాతం పక్కన పెట్టినా 667 లోగోలు. రెండున్నరేళ్లలో 180 చేసిన మీకు ఇదే ఊపులో ఇంకో ఆరున్నరేళ్లు పైనే పడుతుంది. అదే 10,000ని 40తో భాగిస్తే ఆర్డర్‌కి 250 డాలర్లు. అంటే ఆ మెట్టు కట్టిన వాళ్లు ఎలాంటి అమ్మకందారుని ఊహించుకుని కట్టారో ఆ భాగహారంలోనే ఉంది.

2010లో ఇజ్రాయెల్‌లో ఫైవర్ మొదలైనప్పుడు ఏ పనైనా ఐదు డాలర్లే, పేరు అందుకే అలా పెట్టారు. ఆ కాలం పోయి చాలా ఏళ్లయింది, మన వాళ్లు మాత్రం ఇంకా ఆ రేట్ల దగ్గరే కూర్చున్నారు, తగ్గిస్తే ఎక్కువ మంది వస్తారని. వస్తారు, కానీ ఎక్కువ తిప్పలు పెట్టేవాళ్లే వస్తారు. మీ పాత కస్టమర్లలో మళ్లీ వచ్చినవాళ్లు ఎవరో చూడండి. బేకరీలా, జిమ్‌లా, ఏ రకం వ్యాపారాలు ఎక్కువగా ఉన్నాయో చూసి, ఆ రకానికి లోగో, లెటర్‌హెడ్, సోషల్ మీడియా పోస్టుల టెంప్లేట్లు అన్నీ కలిపి 120 డాలర్లకి కొత్త గిగ్ (సైట్‌లో అమ్మకానికి పెట్టే పని) పెట్టండి. 15 డాలర్లది ఒక్కసారిగా మూసేయకండి, 25 చేయండి, నెల తర్వాత 40. మొదటి నెల ఆర్డర్లు తగ్గుతాయి, కళ్లలో నీళ్లు తిరుగుతాయి, తట్టుకోండి.

ప్రశ్న: బీటెక్ మూడో సంవత్సరం. మా హాస్టల్‌లో పది మందిమి ఒక గ్రూప్ పెట్టుకున్నాం, ఒకరి గిగ్ ఇంకొకరు 5 డాలర్లకి కొని రివ్యూలు రాసుకుంటే లెవెల్ 1 తొందరగా వస్తుందని సీనియర్ చెప్పాడు. టెలిగ్రామ్‌లో లెవెల్ 2 అకౌంట్ 12 వేలకి అమ్ముతామని కూడా మెసేజ్ వచ్చింది. ఏది నయం? (కరీంనగర్)

జవాబు: రెండూ కాదు తమ్ముడూ. నీతి సంగతి తర్వాత, ముందు లెక్క చూడు. లెవెల్ 1కి 400 డాలర్ల సంపాదన చూపించాలి. ఐదేసి డాలర్ల ఆర్డర్లతో అంటే 80 ఆర్డర్లు, అందులో తక్కువలో తక్కువ 80 డాలర్లు సైట్ కమీషన్‌కే పోతాయి, కొనేవాడి మీద పడే సర్వీస్ ఫీజు వేరే. పది మందికీ కలిపి ఎంతో నువ్వే గుణించుకో. ఇంత ఖర్చు పెట్టి, ఒకే హాస్టల్ వైఫై నుంచి పది మంది ఒకరినొకరు పొగుడుకుంటుంటే సైట్ వాళ్లకి కనిపించదా? కనిపించిన రోజు అకౌంట్‌తో పాటు అందులో ఇరుక్కున్న డబ్బు కూడా చిక్కుల్లో పడుతుంది. కొన్న అకౌంట్ ఇంకా ఘోరం, ఐడీ వెరిఫికేషన్ అడిగిన రోజు నీ ఆధార్, వాడి పేరు కలవవు. అమ్మినవాడు పాస్‌వర్డ్ రీసెట్ చేసి వెనక్కి లాక్కున్నా నువ్వు ఎవరికీ ఫిర్యాదు చేయలేవు.

లెవెల్ 1కి కావలసిన ఆర్డర్లు ఐదే, కస్టమర్లు ముగ్గురే. మీ పది మందికీ వచ్చిన పనులు ఒక కాగితం మీద రాయండి, ఎవరికి ఎక్సెల్ వచ్చు, ఎవరికి వీడియో ఎడిటింగ్ వచ్చు అని. ఒక్కొక్కరు ఒక్కొక్క చిన్న పని పట్టుకోండి, అందరూ లోగోలే పెట్టకండి. తెనాలి వాళ్ల ఉత్తరం చూశావుగా.

ప్రశ్న: టాప్ రేటెడ్ వచ్చాక ఆర్డర్లు వాటంతట అవే వస్తాయా? (భీమవరం)

జవాబు: కొంత పైకి కనిపిస్తారు, కొనేవాడికి నమ్మకం పెరుగుతుంది, ఫైవర్‌లో డబ్బు 14 రోజులకి బదులు 7 రోజుల్లో చేతికొస్తుంది. కమీషన్ మాత్రం అదే 20 శాతం. వాటంతట అవే వచ్చేవి కరెంటు బిల్లులు ఒక్కటే.

ప్రశ్న: అప్‌వర్క్‌లో కంటెంట్ రైటర్‌ని, రెండేళ్లుగా టాప్ రేటెడ్. రెండు నెలల్లో నాకు కాన్పు. ఆ తర్వాత ఆరు నెలలైనా పని ఆపాలనుకుంటున్నాను. కష్టపడి తెచ్చుకున్న బ్యాడ్జ్ పోతుందేమోనని భయం. (హైదరాబాద్)

జవాబు: ముందుగా శుభాకాంక్షలమ్మా. నేను ఈలాన్స్, ఓడెస్క్ కలిసి 2015లో అప్‌వర్క్ అని పేరు మార్చుకోకముందు నుంచీ ఈ సైట్లు చూస్తున్నాను, ఈ ప్రశ్న ఆడవాళ్లే అడుగుతారు, మగవాళ్లు అడగాల్సిన పరిస్థితే రాదు. అది వేరే కోపం.

అక్కడ టాప్ రేటెడ్‌కి రెండు అంకెలు ముఖ్యం. జాబ్ సక్సెస్ స్కోర్ 90 శాతం, గడిచిన 12 నెలల్లో 1,000 డాలర్ల సంపాదన. జాబ్ సక్సెస్‌ని 6, 12, 24 నెలల లెక్కల్లో చూసి, మీకు ఏది బాగుంటే అది చూపిస్తారు. కాబట్టి ఆరు నెలలు పని చేయనంత మాత్రాన స్కోర్ కూలిపోదు. వెయ్యి డాలర్ల సంగతి కూడా, సెలవుకి ముందు సంపాదించింది ఆ 12 నెలల లెక్కలో ఇంకా ఉంటుంది కదా.

ప్రమాదం ఇంకో చోట ఉంది. పని లేకుండా, డబ్బు రాకుండా తెరిచి ఉంచిన కాంట్రాక్టులు. "తర్వాత చూద్దాం" అని వదిలేసినవి స్కోర్‌ని తినేస్తాయి. నేను ఒకసారి ఇలాంటి సైట్‌లోనే, పేరెందుకులెండి, సంక్రాంతి ముందు వారం మూడు పుస్తకాల లేఅవుట్ ఒప్పుకుని ఊరెళ్లాను, అక్కడ నెట్ లేదు, రెండు రద్దయ్యాయి. తప్పు పూర్తిగా నాదే. బ్యాడ్జ్ పండగ వెళ్లగానే పోయింది, తిరిగి రావడానికి ఉగాది దాటింది. అందుకని మీరు నెల ముందే ఒక్కొక్క క్లయింట్‌కి విషయం చెప్పండి. చేతిలో పని ముగించి, ఫీడ్‌బ్యాక్ రాయించుకుని కాంట్రాక్ట్ మూసేయండి, తిరిగొచ్చాక కొత్తది తెరుద్దామని చెప్పండి. దాచిపెట్టి చివరి వారం వరకూ లాగకండి, చెప్తే సరే అనేవాళ్లే ఎక్కువ. ప్రొఫైల్‌లో అందుబాటు సెట్టింగ్ మార్చడం మర్చిపోవద్దు.

టాప్ రేటెడ్ వాళ్లకి అప్పుడప్పుడూ ఒక కాంట్రాక్ట్ ఫీడ్‌బ్యాక్‌ని లెక్కలోంచి తీయించుకునే వెసులుబాటు ఉంది, మీరు ఇప్పటిదాకా వాడి ఉండకపోతే బ్యాడ్జ్ ఉండగానే వాడుకోండి. ఇంత చేసినా పోతే పోనీండి, అంకెలు అందగానే మళ్లీ వస్తుంది. పసిబిడ్డని ఒడిలో పెట్టుకుని అర్ధరాత్రి ప్రపోజల్స్ రాసేంత విలువైన వస్తువు కాదది.

ప్రశ్న: మా అబ్బాయి ఉద్యోగం మానేసి రెండేళ్లుగా ఇంట్లోనే రాత్రిళ్లు కంప్యూటర్ ముందు కూర్చుంటున్నాడు. మొన్న "నాకు టాప్ రేటెడ్ ప్లస్ వచ్చింది" అని స్వీట్లు తెచ్చాడు. అది ప్రమోషనా? సంబంధాలు చూస్తున్నాం, ఏం చేస్తాడని అడిగితే ఏం చెప్పాలో తెలియడం లేదు. (ఒంగోలు)

జవాబు: అమ్మగారూ, ఆ స్వీట్లకి అర్థం ఉంది. అది అప్‌వర్క్ అనే సైట్ ఇచ్చే గుర్తింపు, దానికి గడిచిన 12 నెలల్లో 10,000 డాలర్లకి పైగా సంపాదించి ఉండాలి, పెద్ద పనులు కూడా చేసి ఉండాలి. డాలర్ రేటు పేపర్లో చూసి గుణించండి, పాత జీతం కంటే ఎక్కువో తక్కువో మీకే తెలుస్తుంది. ప్రమోషన్ మాత్రం కాదు, ఎందుకంటే పైన ఆఫీసర్ ఎవరూ లేరు, వచ్చే ఏడు ఆ సంపాదన లేకపోతే అది ఉండదు.

పెళ్లివాళ్లకి బ్యాడ్జ్ సంగతి చెప్పకండి, అర్థం కాదు. "సొంతంగా చేసుకుంటున్నాడు, కస్టమర్లు విదేశాల వాళ్లు" అనండి, రెండేళ్ల ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్నులు దగ్గర పెట్టుకోండి. రిటర్నులు వేయలేదంటే మాత్రం ముందు ఆడిటర్ దగ్గరికి పంపండి, సంబంధాలు తర్వాత చూడొచ్చు. రేపు ఇంటి లోన్‌కి వెళ్లినా బ్యాంకు వాళ్లు అడిగేది అవే. విదేశీ కస్టమర్లకి చేసే పని సేవల ఎగుమతి కింద రావచ్చు, జీఎస్టీ సంగతీ ఆ ఆడిటర్‌నే అడగమనండి.

రాత్రిళ్లు కూర్చోవడానికి కారణం చెడు అలవాటు కాదు. న్యూయార్క్‌లో పొద్దున తొమ్మిదైతే మనకి సాయంత్రం ఆరున్నర, చలికాలంలో ఏడున్నర. మీరు భోజనానికి పిలిచే వేళకి వాళ్ల ఆఫీసు తెరుస్తారు. ఎనిమిదికి పిలిస్తే విసుక్కుంటాడు, తొమ్మిదిన్నరకి పిలిచి చూడండి.