ఆన్‌లైన్‌లో ఎన్ని అప్లై చేసినా కాల్ రావట్లేదు. రెజ్యూమెని ఏఐ రిజెక్ట్ చేసేస్తోందా?

మీరు ఎమ్మెస్సీ ఆర్గానిక్ కెమిస్ట్రీ అన్నారు. పరవాడలో చిన్న కంపెనీలో రెండేళ్లు క్యూసీలో, అంటే మందుల నాణ్యత పరీక్షించే విభాగంలో చేశారు, ఇప్పుడు పెద్ద కంపెనీలకు అప్లై చేస్తుంటే ఉలుకూ పలుకూ లేదు. ఫ్రెండ్సేమో అంతా ఏఐ పనే అంటున్నారు. నేను గాజువాకలో ఒక కన్సల్టెన్సీలో రిక్రూటర్‌ని. పరవాడ, అచ్యుతాపురం ఫార్మా కంపెనీలకు మనుషుల్ని వెతికిపెట్టడమే నా పని కాబట్టి, మా స్క్రీన్ మీద ఏం కనిపిస్తుందో చెప్తాను.

మిమ్మల్ని ఎవరూ రిజెక్ట్ చేసి ఉండకపోవచ్చు. అసలు మీరు మాకు కనబడి ఉండరు.

క్యూసీ పోస్టు ఒకటి వేస్తే వందల్లో అప్లికేషన్లు పడతాయి. మెకానికల్ వాళ్లూ, బీకామ్ వాళ్లూ కూడా నొక్కేస్తారు. అవన్నీ తెరిచి చదివే టైమ్ ఎవరికీ ఉండదు. అందుకే చాలాసార్లు వచ్చిన అప్లికేషన్ల జోలికి పోకుండా మేమే వెతుక్కుంటాం. నౌకరీ డాట్ కామ్ అనే జాబ్ సైట్లో రెస్‌డెక్స్ అని రిక్రూటర్లు డబ్బు కట్టి వాడుకునే డేటాబేస్ ఉంది. అందులో నేను హెచ్‌పీఎల్‌సీ (మందులో ఏది ఎంత ఉందో విడదీసి కొలిచే మెషీన్), జీఎంపీ (మందుల తయారీలో పాటించాల్సిన నాణ్యతా నియమాలు), ఎంపవర్ (ఆ మెషీన్‌తో వాడే సాఫ్ట్‌వేర్) అని కొడతాను. రెండు నుంచి నాలుగేళ్ల అనుభవం, లొకేషన్ విశాఖపట్నం, నోటీస్ పీరియడ్ నెలలోపు, ఈ మధ్య లాగిన్ అయినవాళ్లు మాత్రమే అని ఫిల్టర్లు పెడతాను. అప్పుడు మిగిలేది చిన్న లిస్టు. ఫోన్లు వెళ్లేది వాళ్లకే.

ఇప్పుడు మీ ప్రొఫైల్ తీసి చూసుకోండి. 'అనలిటికల్ ఇన్‌స్ట్రుమెంట్స్ మీద పనిచేశాను' అని రాసి ఉంటే నా సెర్చ్‌లో మీరు లేనట్టే. రోజంతా హెచ్‌పీఎల్‌సీ ముందే కూర్చున్నా సరే, ఆ మాట అక్కడ ఉండాలి. ఏ సాఫ్ట్‌వేర్ వాడారు, డిజల్యూషన్ (మాత్ర ఎలా కరుగుతుందో చూసే పరీక్ష) చేశారా, స్టెబిలిటీ శాంపిల్స్ (మందు ఎన్నాళ్లు పాడవకుండా ఉంటుందో చూసేవి) చూశారా అన్నవి పేరుపేరునా రాయండి. లొకేషన్‌తో ఇంకో తంటా ఉంది. 2022లో జిల్లాలు విడగొట్టాక పరవాడ, అచ్యుతాపురం అనకాపల్లి జిల్లాలోకి వెళ్లాయి. సొంతూరు చూసుకుని కొందరు అనకాపల్లి అని పెడతారు. ఇంకొందరు ఎప్పుడో హైదరాబాద్‌లో కోచింగ్‌కి వెళ్లినప్పుడు పెట్టిన లొకేషన్ మార్చనే మార్చరు. ఫిల్టర్ విశాఖపట్నం అంటే విశాఖపట్నమే చూస్తుంది. ఇక ప్రొఫైల్ తెరవక నెలలైతే, వీళ్లు ఉద్యోగం వెతకట్లేదులే అని వెనక్కి నెట్టేస్తుంది. వారానికోసారైనా లాగిన్ అయి ఏదో ఒకటి అప్‌డేట్ చేయండి.

పెద్ద కంపెనీల సొంత వెబ్‌సైట్లో అప్లై చేస్తే వ్యవహారం కొంచెం వేరు. అక్కడ రెజ్యూమె, వచ్చిన అప్లికేషన్లని సర్దిపెట్టే ఏటీఎస్ అనే సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్తుంది. షిఫ్టుల్లో చేస్తారా, నోటీస్ ఎన్ని రోజులు, ఎంత జీతం ఆశిస్తున్నారు అని అడిగే ప్రశ్నల్ని ఫార్మాలిటీ అనుకోకండి. ఆటోమేటిక్‌గా పక్కన పెట్టేయడం జరిగితే ఎక్కువగా జరిగేది అక్కడే, అదీ మాలాంటి మనుషులు పెట్టిన రూలుతోనే. రెండు కాలమ్‌ల రంగుల టెంప్లేట్లు, టేబుళ్లు వద్దు. కొన్ని సాఫ్ట్‌వేర్లు వాటిని సరిగ్గా చదవలేక కంపెనీ పేరు ఒకచోట, తేదీలు ఇంకోచోట పడేస్తాయి. తెల్ల అక్షరాల్లో కీవర్డ్‌లు దాచే చిట్కా యూట్యూబ్‌లో చూసి ఉంటారు. సాఫ్ట్‌వేర్ రంగులన్నీ తీసేసి ఉత్త టెక్స్ట్ చూపిస్తే అవన్నీ మాకు బారుగా కనబడతాయి. ఒకాయన రెజ్యూమెలో జాబ్ డిస్క్రిప్షన్ మొత్తం అలా బయటపడితే ఆఫీసంతా నవ్వుకున్నాం.

ఏఐ లేదని కాదు. రెజ్యూమెలకి మార్కులు వేసి వరసలో పేర్చే టూల్స్ ఇప్పుడు బాగానే వాడుతున్నారు. పైనుంచి చూసుకుంటూ వచ్చి, కావాల్సినంతమంది దొరకగానే ఆపేస్తాం. కింద ఉన్నవాళ్ల సంగతి అంతే. అది న్యాయమా అంటే కాదనే అంటాను. అమెజాన్ ఇలాంటిదే ఒకటి సొంతంగా తయారు చేసుకుంది. పదేళ్ల పాత రెజ్యూమెలు చూసి నేర్చుకున్న ఆ టూల్, అవి ఎక్కువగా మగవాళ్లవే కావడంతో, ఆడవాళ్ల రెజ్యూమెలకి మార్కులు తగ్గించడం మొదలుపెట్టింది. చివరికి దాన్ని పక్కన పెట్టేశారు. ఈ సంగతి 2018లో రాయిటర్స్ బయటపెట్టింది. మెషీన్‌కి పక్షపాతం ఉండదని ఎవరైనా అంటే ఇది గుర్తు చేయండి.

సెలెక్ట్ అయ్యాక కూడా టెక్నాలజీ వదలదు. యూఏఎన్ నంబర్ (ఉద్యోగం మారినా మారని మీ పీఎఫ్ నంబర్) తీసుకుని పీఎఫ్ సర్వీస్ హిస్టరీ చూస్తారు. అనుభవం ఆరు నెలలు పెంచి రాస్తే అక్కడ దొరికిపోతారు, ఆఫర్ వెనక్కి పోతుంది. మీ పాత కంపెనీ అసలు పీఎఫ్ కట్టిందో లేదో ఇప్పుడే చూసుకోండి. కట్టకపోతే జీతం పడిన బ్యాంక్ స్టేట్‌మెంట్లు, రిలీవింగ్ లెటర్ దగ్గర పెట్టుకోండి.

ఇంకొకటి, మన వైపు ఫార్మాలో చాలా పోస్టులు పోర్టల్ దాకా రానే రావు. ఆదివారం వాకిన్ పెడతారు, ఆ మెసేజ్ వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంది. మీ బ్యాచ్ గ్రూపులో, పాత కంపెనీ గ్రూపులో ఉండండి. రిజిస్ట్రేషన్ ఫీజు, యూనిఫాం డిపాజిట్ అని డబ్బులడిగితే మాత్రం ఆ నంబర్ బ్లాక్ చేసేయండి.

అన్నిటికంటే బాగా పనిచేసేది రిఫరల్. అందులో చిన్న మెలిక ఉంది. మీరు ముందే వెబ్‌సైట్లో అప్లై చేసేసి ఉంటే చాలా కంపెనీల సిస్టమ్ మిమ్మల్ని పాత క్యాండిడేట్‌గానే చూస్తుంది. తర్వాత మీ సీనియర్ రిఫర్ చేసినా కొన్ని నెలలపాటు తీసుకోదు. అందుకే లోపల తెలిసినవాళ్లు ఉన్న కంపెనీ అయితే ముందు వాళ్లకి ఫోన్ చేయండి, అప్లై బటన్ తర్వాత నొక్కొచ్చు.