డబ్బా విప్పకుండానే ర్యామ్, మదర్‌బోర్డు వివరాలు

అన్నా, మిర్యాలగూడలో కొన్న సెకండ్ హ్యాండ్ డెస్క్‌టాప్‌కు ర్యామ్ పెంచాలని, కానీ సీల్ తీస్తే వారంటీ పోతుందని షాపాయన చెప్పాడని రాశారు కదా, టెన్షన్ పడకండి, ఏ ర్యామ్ పడుతుందో తెలుసుకోవడానికి విప్పే పనే లేదు.

విండోస్ 10 లేదా 11 ఉంటే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కండి, టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పర్ఫార్మెన్స్, తర్వాత మెమరీ. ర్యామ్ పెట్టే స్లాట్లు ఎన్నున్నాయో, ఎన్ని నిండాయో అక్కడే చూపిస్తుంది.

మదర్‌బోర్డు మోడల్ కావాలంటే స్టార్ట్‌లో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ అని వెతికి తెరవండి, బేస్‌బోర్డ్ ప్రొడక్ట్ అనే వరుసలో ఉంటుంది. ఆ పేరుతో కంపెనీ సైట్‌లో చూస్తే గరిష్ఠంగా ఎంత ర్యామ్ పడుతుందో తెలుస్తుంది.

అసలు చూసుకోవాల్సింది ర్యామ్ రకం, అంటే డీడీఆర్3నా, డీడీఆర్4నా అన్నది. రెండింటికీ గాటు వేరే చోట ఉంటుంది కాబట్టి ఒకదాని స్లాట్‌లో ఇంకోటి కూర్చోదు, ఇది చూసుకోకుండా నల్లగొండ దాకా పోయి కొంటే డబ్బులూ బస్సు చార్జీలూ దండగ. సీపీయూ-జెడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ దాని సొంత సైట్ నుంచే దించుకోండి, మెమరీ ట్యాబ్‌లో రకం రాసి ఉంటుంది. అక్కడ ఫ్రీక్వెన్సీ (వేగం) 800 అని కనిపిస్తే, 1600 ర్యామ్ అని చెప్పి మోసం చేశారనుకోకండి, డీడీఆర్ ఒక్కో క్లాక్‌కు రెండుసార్లు డేటా పంపుతుంది, అంటే అది 1600 ర్యామే. ఎస్‌పీడీ ట్యాబ్‌లో ఒక్కో స్టిక్ ఏ కంపెనీదో కూడా ఉంటుంది, ఫొటో తీసి షాపులో చూపించండి.

కంప్యూటర్‌కు కరెంటు అందించే ఎస్ఎంపీఎస్ ఎన్ని వాట్లో మాత్రం మామూలుగా ఏ సాఫ్ట్‌వేరూ చెప్పదు, దాని మీది లేబులే చూడాలి. గ్రాఫిక్స్ కార్డు ఆలోచన కూడా ఉంటే దానికి ఆ వాట్లు సరిపోతాయో లేదో అమ్మినాయనతోనే విప్పించి చూడండి.