బిల్డర్ పెట్టాల్సిన ఖర్చుకు మీరు లోన్ ఎందుకండీ?

మీరు రాసింది ఇదీ: కొంపల్లిలో ఫ్లాట్, 2022 ఆగస్టులో తాళాలు తీసుకున్నారు, రెరాలో (రియల్ ఎస్టేట్ ప్రాజెక్టులను నియంత్రించే సంస్థలో) రిజిస్టరైన ప్రాజెక్టే. హాలు గోడకు చెమ్మ పట్టి పెచ్చులూడుతున్నాయి, మెయిన్ డోర్ దర్వాజా నుంచి పొడి రాలుతోంది, ఏడాది దాటింది కాబట్టి మాకు సంబంధం లేదంటున్నాడు బిల్డర్. రిపేర్లకు 4 లక్షల పర్సనల్ లోన్ తీసుకోవచ్చా?

ఇప్పుడే వద్దండీ. 14 శాతానికి మూడేళ్లకు తీసుకుంటే నెలకు దాదాపు 13,670 కట్టాలి, వడ్డీకే 92 వేలు పోతాయి.

రెరా చట్టం 14వ సెక్షన్ ప్రకారం ఫ్లాట్ అప్పగించిన 5 ఏళ్లలోపు కట్టడంలో, పనితనంలో, నాణ్యతలో లోపం కనబడి మీరు చెబితే 30 రోజుల్లో పైసా తీసుకోకుండా ఆయనే బాగుచేయాలి, లేదంటే పరిహారం ఇవ్వాలి. అగ్రిమెంట్‌లో ఏడాదే అని రాసుకున్నా చట్టం ముందు అది నిలవదు. మీ గడువు 2027 ఆగస్టు. ఫోన్లో అరవడం మానేసి, ఫొటోలు జతచేసి రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరం పంపండి, కదలకపోతే తెలంగాణ రెరాకు వెళ్లండి.

దర్వాజా సంగతి చూడండి. రాలిన పొడిని వేళ్ల మధ్య నలపండి. మైదాపిండిలా మెత్తగా ఉండి, చెక్కకు గుండుసూది దూరేంత రంధ్రాలుంటే అది పుచ్చుపురుగు పనే అయ్యుండొచ్చు. అది తినేది ఎక్కువగా బెరడు పక్కనుండే తెల్ల చెక్కనే, చేవ (లోపలి గట్టి చెక్క) జోలికి రాదు. అంటే టేకు డబ్బులు తీసుకుని చేవలేని చెక్క బిగించారని నా అనుమానం, ఇది నాణ్యత లోపమే. మట్టి గీతలు కనిపిస్తే మాత్రం చెద, అప్పుడు మెయింటెనెన్స్ మీదే అని బిల్డర్ వాదిస్తాడు. అందుకే ఒక ఇంజినీర్‌తో రిపోర్టు రాయించండి. మా ఇంట్లో నేను తొందరపడి ఫొటో కూడా తీయకుండా దర్వాజా మార్పించేశాను, తర్వాత అడిగితే పాతది ఎక్కడుందన్నారు, నా దగ్గర సమాధానం లేదు.

వార్డ్‌రోబ్‌లు వేరే ఇంటీరియర్ అతనితో చేయించుకున్నామనీ రాశారు కదా, వాటికి రెరా కాదు, వినియోగదారుల కమిషన్, అదీ రెండేళ్ల లోపే. కొటేషన్‌లో 710 ప్లై (నీటిని బాగా తట్టుకునే ప్లైవుడ్ రకం) అని రాసి 303 ముద్రున్న మామూలు రకం వాడాడేమో వెనక వైపు చూడండి. ఇంటి ఇన్సూరెన్స్ మీద ఆశ పెట్టుకోకండి, అది నిప్పుకూ వరదకూ గానీ నాసిరకం పనికి రాదు.

చెమ్మ స్విచ్‌బోర్డు దగ్గరికి పాకిందంటే మాత్రం ఎవరి కోసమూ ఆగకండి. ఫొటోలు తీసి, ఎమర్జెన్సీ ఫండ్‌లోంచి అంతవరకే బాగుచేయించి, జీఎస్టీ బిల్లు దాచండి. ఆ మొత్తం కూడా బిల్డర్ నుంచే అడగొచ్చు.