గాజుల చేయి గురించి రాయమ్మా

ప్రియమైన చెల్లికి,

సమాధుల మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. ‘మృత్యువు ముందు అందరూ సమానులే’ అని మొదలుపెట్టావు. ఆ వాక్యం కొట్టేయమ్మా. రాయి ఎవరికి దక్కింది, ఎవరికి దక్కలేదు అన్నదే అక్కడ అసలు కథ.

గోదావరి దగ్గరి జానంపేటకు వెళ్లు. నిలువు బండలు, పైన పెద్ద కప్పుబండ, లోపల ఒకే రాతిని తొలిచి చేసిన తొట్టి. ఇనుప యుగపు మనుషులు చనిపోయిన తమవాళ్లకు కట్టిన ఇళ్లవి. పేరు రాయడానికి వాళ్లకు లిపి లేదు. తర్వాతి తరాలు కట్టినవాళ్లను మరిచిపోయి, ఇంతింత బండలు ఎత్తింది రాక్షసులే అనుకున్నాయి. అందుకే అవి రాక్షస గుళ్లయ్యాయి. ఈ పేరుకు నువ్వు అర వాక్యం ఇచ్చావు, నేనైతే ఒక పేజీ ఇస్తాను.

వీరగల్లు, అంటే పోరులో పోయిన వీరుడికి నిలిపే రాయి, దగ్గరికి వచ్చేసరికి పోయినవాడికి ఇల్లు అక్కర్లేకపోయింది, వాడి చావు కథ కావలసి వచ్చింది. కింద పోరు, నడుమ అతణ్ణి తీసుకుపోయే అప్సరసలు, పైన శివలింగం, ఆపైన సూర్యచంద్రులు. ఆవుల మంద కోసం పోరాడి పోయినవాడికీ ఒక రాయి నిలిపారు. మరి అతని భార్యకు? సహగమనం చేసిన స్త్రీకి చాలాచోట్ల చెక్కింది ఒక్క చేయి. మోచేయి దగ్గర వంగి, అరచేయి పైకెత్తి ఉంటుంది. ముత్తైదువగా పోయిందని చెప్పడానికి నిండా గాజులు. అలాంటి రాయి ముందు ఒకసారి చాలాసేపు నిలబడిపోయాను. గాజులు లెక్కపెట్టగలిగాను, ముఖం మాత్రం లేదు. నీ వ్యాసంలో ఆమె లేకపోవడం నాకు బాధ కలిగించింది.

బందరులో డచ్చివారి సమాధుల మీద పేర్లు, వంశ చిహ్నాలు ఉంటాయి. ఇప్పుడు నల్ల గ్రానైటు మీద లేజరుతో పోయినవారి ఫొటోనే దించుతున్నారు. వీటిని క్లుప్తంగా రాసినా సరిపోతుంది.

ఈసారి పొద్దున్నే వెళ్లు. ఏటవాలు ఎండలోనే అరిగిన గీతలు తేలతాయి. గీతలు కనబడాలని సుద్ద పూయకు. చాలా ఊళ్లలో వీరగల్లుకు ఇప్పటికీ పసుపు, కుంకుమ పెడతారు. పెట్టిన ఆవిడ పక్కన కూర్చుని, ఆ దేవుణ్ణి ఏ పేరుతో పిలుస్తారో అడుగు. ఆవిడ చెప్పిన మాట ఆవిడ చెప్పినట్టే రాసుకుని, నాకు పంపు.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య