విదేశీ పరిచర్యకు బయలుదేరే ముందు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

సంఘాల నుంచి చిన్న బృందాలుగా ఆఫ్రికా దేశాలకు, నేపాల్‌కు పరిచర్యకు వెళ్లేవాళ్లు రాసిన ఉత్తరాల్లో కొన్నింటికి ఈసారి జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: మా సంఘం నుంచి 14 మందిమి కెన్యాకు 12 రోజుల పరిచర్యకు వెళ్లాలనుకుంటున్నాం. అక్కడి సంఘమే పిలిచింది. ఇంకా 5 నెలల టైముంది. ధర పెరిగేలోపే టికెట్లు కొనేద్దామని కొందరి తొందర. ఏది ముందు? – మల్కాజిగిరి

టికెట్లు కాదు, ముందు ఉత్తరం కావాలి. పిలిచిన సంఘం దగ్గర నుంచి మూడు విషయాలు రాతపూర్వకంగా తెప్పించుకోండి. వాళ్లకు మీతో ఏ పని ఉంది? ఏ తేదీల్లో ఉంది? ఎంతమందికి వసతి, భోజనం, నీళ్లు ఇవ్వగలరు? ఈ మూడో ప్రశ్న అడగడానికి మనవాళ్లు మొహమాటపడతారు. అడగకపోతే భారం వాళ్ల మీద పడుతుంది. కెన్యాలో ఊళ్ల మధ్య తిరిగే మటాటు వ్యానులో మామూలుగా ఉండేవే 14 సీట్లు. మీరంతా ఎక్కాక మిమ్మల్ని తీసుకెళ్లే పాస్టర్ గారికి చోటెక్కడిది? పల్లెటూరి సంఘానికి ఆరుగురు చాలని మా అభిప్రాయం. మిగతావాళ్లు వచ్చే ఏడాది వెళ్లవచ్చు.

1910లో ఎడిన్‌బరోలో జరిగిన మిషనరీ మహాసభలో వి.ఎస్. అజరయ్య గారు పాశ్చాత్య మిషనరీలను అడిగింది స్నేహితులను. మీరు చేసిన త్యాగాలు చూశాం, ఇక మాకు స్నేహాన్ని ఇవ్వండి అన్నది ఆయన మాటల సారాంశం. తిరునెల్వేలి ప్రాంతం నుంచి మన తెలుగు నేలకు వచ్చి, తెలుగు నేర్చుకుని, 1912లో దోర్నకల్ బిషప్ అయిన మనిషి అడిగిన మాట అది. ఇప్పుడు వెళ్లేది మనం కాబట్టి ఆ మాట మనకు వర్తిస్తుంది.

ఉత్తరం వచ్చాక పాస్‌పోర్టులు చూడండి. ప్రయాణ తేదీకి కనీసం 6 నెలల గడువు, రెండు ఖాళీ పేజీలు ఉండాలి. కొత్తగా తీసుకునేవాళ్లకు 36 పేజీల పాస్‌పోర్టుకు రుసుము 1,500 రూపాయలు, తత్కాల్‌లో అయితే అదనంగా మరో 2,000. మన విశ్వాసుల దరఖాస్తులు ఎక్కువగా ఆగేది పేరు దగ్గరే. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఒక పేరు, ఆధార్‌లో బాప్తిస్మం పేరు, పాన్ కార్డులో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటాయి. ముందు కాగితాలన్నీ ఒకే పేరుకు తెచ్చుకోండి, ఆ తర్వాతే సికింద్రాబాద్ ప్రాంతీయ కార్యాలయం పరిధిలోని సేవా కేంద్రానికి స్లాట్ తీసుకోండి. ఇంటిపేరు గడి ఖాళీగా వదలకండి. పాస్‌పోర్టులో ఒకే పేరుంటే యూఏఈ (దుబాయ్ ఉన్న దేశం) విజిట్ వీసాకు ఒప్పుకోదు. దుబాయ్ మీదుగా వెళ్తూ, విమానం తప్పి అక్కడ ఒక రాత్రి బయట ఉండాల్సి వస్తే అప్పుడు చిక్కు. టికెట్టు మీద పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే, అక్షరం తేడా లేకుండా ఉండాలి. అందుకే టికెట్లు చివర్లో.

ప్రశ్న: టూరిస్టులమని రాస్తే త్వరగా పని అయిపోతుందని ఏజెంటు అంటున్నాడు. వెళ్లేది దేవుని పనికే కదా, తప్పేమైనా ఉందా? – మల్కాజిగిరి నుంచే మరొకరు

తప్పే. దేవుని పని పేరుతో అబద్ధం రాయకండి. ఇమిగ్రేషన్ అధికారి మీ పెట్టె తెరిచి బృందం టీ షర్టులు, కరపత్రాలు చూసి అడిగితే, మీ మాటకూ మీ కాగితానికీ పొంతన ఉండదు. వెనక్కి పంపితే నష్టం మీ ఒక్కరికే కాదు, పిలిచిన సంఘం మీద కూడా మచ్చ పడుతుంది.

కెన్యా 2024 జనవరి నుంచి వీసా బదులు ఈటీఏ అనే ఆన్‌లైన్ అనుమతి పెట్టింది. పాస్‌పోర్టు, ఫోటో, విమాన వివరాలు, బస వివరాలు లేదా ఆహ్వాన పత్రం ఎక్కించాలి. చంటిపిల్లకైనా విడిగా కావాలి. మూడు పనిదినాల్లో వస్తుందంటారు గానీ రెండు వారాల ముందే వేయండి. ప్రయాణ ఉద్దేశం గడిలో ఏది ఎంచుకోవాలో ఆహ్వానించిన సంఘాన్ని వాళ్ల ఇమిగ్రేషన్ శాఖలో కనుక్కుని రాసి పంపమనండి. నెలల తరబడి ఉండి సేవ చేయాలంటే దారి వేరు. మతపరమైన, ధర్మకార్యాలకు అక్కడ క్లాస్ ఐ అనే పర్మిట్ ఉంది, దాన్ని అక్కడి సంస్థే దరఖాస్తు చేసి తెప్పిస్తుంది.

నేపాల్‌కు వెళ్లేవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. మనకు వీసా అక్కర్లేదు, పాస్‌పోర్టు గానీ ఓటరు కార్డు గానీ చాలు. ఆధార్ ఒక్కటే నమ్ముకుని విమానాశ్రయానికి వెళ్లవద్దు. అయితే 2018 ఆగస్టు నుంచి అమల్లో ఉన్న నేపాల్ శిక్షాస్మృతి ప్రకారం మతం మార్పించడం, మార్పించే ప్రయత్నం నేరం. అయిదేళ్ల దాకా జైలు, 50,000 నేపాలీ రూపాయల దాకా జరిమానా, విదేశీయులకైతే శిక్ష ముగిశాక దేశం నుంచి పంపివేత. అక్కడి విశ్వాసులు పిలిచిన సంఘ కూడికలో, వాళ్లు చెప్పిన హద్దుల్లో ఉండండి. వీధిలో కరపత్రాలు పంచి మీరు ఇంటికి వచ్చేస్తారు, పోలీసు స్టేషన్‌కు వెళ్లేది అక్కడి పాస్టర్ గారు.

ప్రశ్న: ఎల్లో ఫీవర్ టీకా కెన్యా అడగదని ఒకరు, తప్పనిసరని ఒకరు చెబుతున్నారు. మలేరియాకు ఏ మందు వేసుకోవాలి? – కాచిగూడ

ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉంది. ఎల్లో ఫీవర్ వ్యాపించే దేశాల నుంచి వచ్చేవాళ్లనే కెన్యా సర్టిఫికెట్ అడుగుతుంది, మన దేశం ఆ జాబితాలో లేదు. కానీ కెన్యా నుంచి తిరిగి వచ్చేటప్పుడు మనవాళ్లే అడుగుతారు. సర్టిఫికెట్ లేకపోతే 6 రోజుల దాకా క్వారంటైన్‌లో ఉంచే అధికారం ఇక్కడి అధికారులకు ఉంది. ఉగాండా అయితే దేశంలో అడుగుపెట్టేటప్పుడే అడుగుతుంది.

హైదరాబాద్‌లో ఈ టీకా నారాయణగూడలోని ప్రివెంటివ్ మెడిసిన్ సంస్థ (ఐపీఎం)లో వేస్తారు. ఏ రోజు వేస్తారో ముందు కనుక్కుని, అసలు పాస్‌పోర్టు తీసుకుని వెళ్లండి, సర్టిఫికెట్ మీద ఆ నంబరే రాస్తారు. టీకా వేసిన 10 రోజులకు గానీ సర్టిఫికెట్ చెల్లదు, ఆ తర్వాత జీవితాంతం చెల్లుతుంది. ప్రయాణానికి వారం ముందు పరుగెత్తితే ఉపయోగం లేనిది అందుకే. ఇది బతికున్న క్రిమితో చేసిన టీకా. గుడ్డు బాగా పడనివాళ్లు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడేవాళ్లు, 60 దాటినవాళ్లు డాక్టరుతో మాట్లాడకుండా వేయించుకోకూడదు. టైఫాయిడ్, హెపటైటిస్ ఎ, ధనుర్వాతం టీకాల సంగతి కూడా అదే రోజు అడగండి.

మలేరియా విషయంలో మనకు తెలిసిన క్లోరోక్విన్ అక్కడ పనికిరాదు, ఆఫ్రికాలోని ఫాల్సిపారం రకం దానికి లొంగదు. డాక్టర్లు ఎక్కువగా రాసేది డాక్సీసైక్లిన్ 100 మిల్లీగ్రాములు, రోజుకొకటి. వెళ్లడానికి ఒకటి రెండు రోజుల ముందు మొదలుపెట్టి, అక్కడున్నన్ని రోజులూ, తిరిగొచ్చాక మరో 4 వారాలు వేసుకోవాలి. భోజనం చేసి, గ్లాసు నిండా నీళ్లతో మింగి, అరగంట పడుకోకుండా ఉండాలి, లేకపోతే గొంతులో, గుండెల్లో మంట. ఎండకు చర్మం త్వరగా కమిలిపోతుంది. గర్భిణులకు, 8 ఏళ్ల లోపు పిల్లలకు ఇవ్వరు. అటోవాక్వోన్–ప్రోగ్వానిల్ అయితే తిరిగొచ్చాక 7 రోజులు చాలు, ఖరీదు మాత్రం ఎక్కువ.

అందరూ చేసే తప్పు ఒకటే: శంషాబాద్‌లో దిగగానే మందు మానేస్తారు. కుట్టిన దోమ వదిలిన క్రిమి మొదట కాలేయంలో దాక్కుని, తర్వాత రక్తంలోకి వస్తుంది. డాక్సీసైక్లిన్ రక్తంలోకి వచ్చినదాన్నే అడ్డుకుంటుంది కాబట్టి ఆ 4 వారాలు. మాత్ర వేసుకున్నా దోమతెర, దోమలను దూరంగా ఉంచే డీట్ అనే మందు ఉన్న క్రీము, సాయంత్రం పూట పొడుగు చేతుల బట్టలు తప్పవు. దోమలో మలేరియా క్రిమిని రొనాల్డ్ రాస్ 1897లో కనిపెట్టింది మన సికింద్రాబాద్‌లోనే. ఈ ఊరివాళ్లం దోమను తేలిగ్గా తీసుకోకూడదు.

ప్రశ్న: నేను ప్రభుత్వ పాఠశాల టీచరును. నా టికెట్టు, బస ఖర్చు విదేశీ మిషన్ సంస్థ భరిస్తుందట. సెలవు పెడితే సరిపోతుందా? – ఉప్పల్

సరిపోదమ్మా. విదేశాలకు వెళ్లడానికి మీ శాఖ నుంచి ముందుగా అనుమతి తీసుకోవాలి. దానికి తోడు, ప్రభుత్వ ఉద్యోగి విదేశీ సంస్థ ఆతిథ్యం తీసుకోవాలంటే విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) ప్రకారం కేంద్ర హోం శాఖ అనుమతి కూడా కావాలి. ప్రభుత్వ ఆధీనంలోని కార్పొరేషన్ల ఉద్యోగులకూ ఇదే వర్తిస్తుంది, ప్రైవేటు ఉద్యోగులకు వర్తించదు. ఖర్చు మీరే పెట్టుకుంటే రెండో అనుమతి అవసరం పడదు. వీలైతే అదే మంచి దారి.

ప్రశ్న: సంఘంలో చందాలు పోగు చేసి, ఖర్చులు పోను మిగిలింది అక్కడి సంఘానికి కానుకగా నగదు ఇద్దామనుకున్నాం. జాగ్రత్తలు? – ఏ.ఎస్. రావు నగర్

చందాలు ఎవరో ఒకరి సొంత ఖాతాలో వేయించకండి. బంధువులు కానివాళ్ల నుంచి ఒక ఆర్థిక సంవత్సరంలో 50,000 రూపాయలు దాటి వచ్చిన కానుక ఆ వ్యక్తి ఆదాయం కింద లెక్కకొస్తుంది. సంఘం ట్రస్టు ఖాతాలో వేస్తే ఇంకో చిక్కు. ధార్మిక ట్రస్టు దేశం బయట ఖర్చు చేసిన సొమ్ముకు ప్రత్యక్ష పన్నుల బోర్డు అనుమతి లేకుండా మినహాయింపు రాదు. విదేశాలకు డబ్బు పంపే ఎల్‌ఆర్‌ఎస్ సౌకర్యం వ్యక్తులకే, ట్రస్టులకు లేదు. అందువల్ల ఎవరి ప్రయాణ ఖర్చు వాళ్లే తమ ఖాతా నుంచి కట్టడం, కట్టలేనివాళ్ల టికెట్టును సాయం చేసేవాళ్లే నేరుగా కొనిపెట్టడం శుభ్రమైన పద్ధతి. ఒకసారి మీ ఆడిటరుకు చూపించండి.

నగదు డాలర్లు ఒక ప్రయాణానికి మనిషికి 3,000 వరకే తీసుకెళ్లాలి, మిగతాది ఫారెక్స్ కార్డులో వేసుకోండి. అందరి డబ్బూ ఒకరి సంచిలో పెట్టకండి. తూర్పు ఆఫ్రికాలో పాత ముద్రణ డాలర్లు, గీతలు పడ్డవి, చిరిగినవి తీసుకోరు. 2009 తర్వాతి నోట్లే అడిగి తీసుకోండి. చిన్న నోట్లకు మారకం తక్కువ కడతారు.

కానుక మాత్రం పాస్టర్ గారి చేతిలో ఒంటరిగా పెట్టవద్దు. సంఘ పెద్దలు ఇద్దరు ముగ్గురి ఎదుట ఇచ్చి రసీదు తీసుకోండి. ఆయన మీద అనుమానంతో కాదు, మీరు వచ్చేశాక ఆయన మీద ఎవరూ మాట అనకుండా ఉండటానికి.

ప్రశ్న: నేను నర్సును. మెడికల్ క్యాంపుకు మన దగ్గర శాంపిల్ మందులు పోగు చేసి పట్టుకెళ్లవచ్చా? – నల్లకుంట

వద్దు. ఏ దేశంలో వైద్యం చేయాలన్నా ఆ దేశపు మండలి దగ్గర తాత్కాలిక నమోదు ఉండాలి. డాక్టర్లకు, నర్సులకు విడివిడి మండళ్లు ఉంటాయి. పిలిచిన ఆసుపత్రి ద్వారా నెలల ముందే మొదలుపెట్టాలి. మందుల దిగుమతికి అనుమతి లేకపోతే కస్టమ్స్ దగ్గరే ఆపేస్తారు. ట్రామడాల్ అనే నొప్పి మాత్రలు, కోడీన్ ఉన్న దగ్గు మందు లాంటివి పెట్టెలో దొరికితే కేసు దాకా వెళ్లవచ్చు. శాంపిళ్ల గడువు దగ్గరపడి ఉంటుంది, వాటి మీద రాసి ఉన్న బ్రాండ్లు అక్కడివారికి తెలియవు. బీపీ మాత్రలు నెలకు సరిపడా ఇచ్చి వచ్చేస్తే రెండో నెల ఆ మనిషి ఏం చేయాలి? అక్కడి ఆసుపత్రి వాడే మందులే అక్కడే కొనివ్వండి. నమోదు రాకపోతే చేతులు కడుక్కోవడం, ఓఆర్‌ఎస్ కలపడం నేర్పండి. ఒక లీటరు శుభ్రమైన నీళ్లకు అంచుకు సమంగా ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు. ఉప్పు ఎక్కువైతే బిడ్డకు ప్రమాదం. కాబట్టి చెంచా చూపించి, తల్లి చేత కలిపించి చూడండి.

ప్రశ్న: వాక్యం తర్జుమాతో చెప్పాలి. ఎలా సిద్ధపడాలి? – బోయిన్‌పల్లి

మీకు 40 నిమిషాలు ఇస్తే మీ మాట 18 నిమిషాలే అనుకోండి. మిగతాది తర్జుమా చేసేవారిది. కెన్యాలో ఎక్కువచోట్ల మీరు ఇంగ్లీషులో చెబితే వారు స్వాహిలీలోకి మారుస్తారు. ఒక వాక్యం, ఒక భావం, ఆగండి. సగం వాక్యంలో ఆగితే వారికి క్రియ ఏమిటో తెలియదు. తెలుగు ప్రాసలు, సామెతలు, మాటల మీద ఆటలు దాటవు, తీసేయండి. వాక్య భాగాలు ముందు రోజే రాసిచ్చి, కూర్చుని ఒకసారి చదువుకోండి. ‘బ్వానా అసిఫివే’ అంటే ప్రభువుకు స్తోత్రం. ఆ మాటతో మొదలుపెడితే సభ అంతా మీ వైపు తిరుగుతుంది. ఒక స్వాహిలీ పల్లవి కూడా ముందే నేర్చుకోండి.

ప్రశ్న: అనాథ పిల్లల మధ్య వి.బి.ఎస్. (సెలవుల బైబిలు బడి) చేస్తాం. ఫోటోలు సంఘానికి చూపించాలి కదా? – సరూర్‌నగర్

ఇంటి పేదరికం, పిల్లల ముఖాలు మన వాట్సాప్ గ్రూపుల కోసం కాదు. అనుమతి పిల్లలది కాదు, సంరక్షకులది. అదీ రాతలో ఉండాలి. పేరు, ఊరు కలిపి పెట్టకండి. మీ పిల్లవాడి చినిగిన చొక్కా ఫోటో ఎవరో తీసి దేశం దాటిస్తే ఎలా ఉంటుందో ఆలోచించండి. ఏ పిల్లతోనూ తలుపు వేసిన గదిలో ఒంటరిగా ఉండకూడదు, ఎప్పుడూ ఇద్దరు పెద్దలు ఉండాలి. బృందంలో ప్రతి ఒక్కరూ పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ తీసుకోవడం మంచిది, పాస్‌పోర్టు సేవా ద్వారా రుసుము 500 రూపాయలు. ‘నిన్ను చదివిస్తాను’, ‘ఇండియాకు తీసుకెళ్తాను’ అన్న మాట నోట రానివ్వకండి. మీరు మరిచిపోతారు, ఆ బిడ్డ రోజూ ఎదురుచూస్తాడు.

ప్రశ్న: సామానులో ఏం పెట్టాలి, ఏం పెట్టకూడదు? తిరిగొచ్చాక ఏమైనా చూసుకోవాలా? – మౌలాలి

కెన్యాలో 2017 నుంచి ప్లాస్టిక్ క్యారీ బ్యాగులు నిషేధం. మన అలవాటు ప్రకారం ప్రతిదీ కవర్లో చుట్టకుండా గుడ్డ సంచుల్లో సర్దండి. పవర్ బ్యాంకు చేతి సంచిలోనే ఉండాలి, 20,000 ఎంఏహెచ్ వరకు ఇబ్బంది లేదు. ఆవకాయ చెకిన్ పెట్టెలో, మూత మీద టేపు వేసి పెట్టండి. ప్లగ్ మూడు చదును పిన్నులది, అడాప్టరు కావాలి. ప్రయాణ బీమాలో అత్యవసర తరలింపు ఉందో లేదో చూడండి. గోడలు కట్టే పని, పైకప్పు వేసే పని ఉంటే శారీరక శ్రమ మినహాయింపు అనే వాక్యం వెతకండి, చాలా పాలసీల్లో ఉంటుంది.

తిరిగొచ్చిన మూడు నెలల్లో జ్వరం వస్తే, అది ఎంత తేలికైనదైనా, అదే రోజు రక్తపరీక్ష చేయించండి. నల్లకుంట ఫీవర్ ఆసుపత్రికి వెళ్లినా, ఇంటి పక్క క్లినిక్‌కు వెళ్లినా ‘కెన్యా వెళ్లి వచ్చాను’ అని మొదటి మాటగా చెప్పండి. ఆ మాట చెప్పకపోతే డాక్టరు డెంగీ, వైరల్ అనుకుని రెండు రోజులు ఆగుతారు. ఫాల్సిపారంలో ఆ రెండు రోజులే ప్రాణాంతకం కావచ్చు.